గ్యాస్ పెంచితే గాలే లోపలికొస్తుంది

వెల్డింగ్ నేర్చుకోవడానికి ధైర్యం కావాలని ఎవరైనా చెబితే నమ్మకండి. నిప్పంటే భయం లేదని చెప్పుకుంటూ వచ్చినవాళ్లను విజయవాడ ఆటోనగర్‌లో చాలామందిని చూశాను. వాళ్లు వేసిన అతుకులు కూడా చూశాను. నిప్పుకు మీ ధైర్యంతో పని లేదు, దాని పని అది చేసుకుంటుంది. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే, కరిగిన లోహానికి గాలి తగలకూడదు. నేను ఉద్యోగమంతా చేసింది ఆ కాపలానే.

ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని కొత్తగా షెడ్డులో అడుగుపెట్టే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా గురించి ఇదివరకు పేపర్లవాళ్లు ఒకరిద్దరు రాశారు. హెల్మెట్ చేత్తో పట్టుకుని నవ్వమన్నారు, నవ్వాను. ఆడది అయివుండి నిప్పుతో పని చేస్తోందని ఆశ్చర్యపోయారు. వాళ్ల ఇళ్లలో పొయ్యి దగ్గర రోజూ ఎవరుంటారో వాళ్లకు గుర్తు రానట్టుంది. ఇంతకీ ఏం అతుకుతావమ్మా అని ఒక్కరూ అడగలేదు.

అంకెలు ముందు, అక్షరాలు తర్వాత

మాది కంకిపాడు పక్కన పల్లె. ఇంటిల్లిపాదీ పొలం కూలీలం. నేను బడికి వెళ్లలేదు. పెళ్లయి భవానీపురం వచ్చాక, స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు చేసే షెడ్డులో ఊడ్చే పనికి కుదిరాను. తర్వాత గ్రైండింగ్ ఇచ్చారు. ఒకసారి వెల్డరు రాకపోతే నా చేతికి టార్చ్ ఇచ్చారు. మళ్లీ తీసుకోలేదు.

ఈ వెల్డింగ్ సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. టార్చ్ చివర సన్నటి సూది ఉంటుంది. సూది చుట్టూ బొటనవేలంత పింగాణీ కప్పు ఉంటుంది. సూదికీ స్టీలుకూ మధ్య మెరుపులా వెలిగేదాన్ని ఆర్క్ అంటాం. కప్పులోంచి ఆర్గాన్ అనే గ్యాస్ వస్తూ ఉంటుంది. అది మండదు, మండించదు. కరిగిన స్టీలు చుట్టూ గొడుగులా నిలబడి గాలిని దూరంగా ఉంచుతుంది. ఆ గొడుగు చిరిగితే అతుకులో గుండుసూది మొనంత బొక్కలు పడతాయి. పాల ట్యాంకులో అలాంటి బొక్క ఉంటే అందులో పాలు నిలిచి పులుస్తాయి, ఆ పులుపు తర్వాత పోసే పాలన్నిటినీ చెడగొడుతుంది.

ఎవరి అతుకు పక్కన వాళ్ల నంబరు పంచ్ కొట్టాలి కాబట్టి నేను ముందు అంకెలు నేర్చుకున్నాను. అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. మా చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెప్పే దీవెనమ్మ టీచరుగారు, పిల్లలు వెళ్లాక నన్ను కూర్చోబెట్టుకునేవారు. ఆ వయసులో ఎంత కష్టపడ్డావో అని జాలిపడతారు జనం. అక్షరాలు కదలకుండా కూర్చుంటాయి. కరిగిన స్టీలు కూర్చోదు. రెండోది వచ్చినదానికి మొదటిది ఒక లెక్కా?

ఇంకో రకం మనుషులున్నారు. చదువు లేనివాళ్ల దగ్గరే అసలు జ్ఞానం ఉంటుందని పొగుడుతారు. వాళ్లకు చదువుంటుంది, పొగడ్త మనకు పంచిపెడతారు. చదువు లేకుండా సగం వయసు గడిపినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అందులో గొప్ప ఏమీ లేదు. చేతికి ఏదో తెలుస్తుంది. ఎందుకు అని అడిగితే నోరు మూతపడుతుంది. ఆ నోరు మూతపడటం వల్ల ఏం జరగబోయిందో ముందు ముందు చెబుతాను.

చీర గుడారం

ఉయ్యూరు వైపు ఒకసారి ఆరుబయట పైపుల పని పడింది. చుట్టూ చెరుకు తోటలు, అడ్డు లేని గాలి. నేను ఒక పాత చీర తీసుకెళ్లి, పైపు చుట్టూ నాలుగు కర్రలు పాతి కట్టి, లోపల కూర్చుని అతుకుతున్నాను. మా కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు వచ్చి బయట నిలబడ్డాడు.

"ఏంటమ్మా రూతమ్మా, లోపల కాన్పు జరుగుతోందా?"

"అవునండి. పుట్టాక మీరే పేరు పెట్టాలి."

అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. పక్క పైపు మాత్రం చీర లేకుండా, తన మనిషి చేత అతికించాడు. అది పుచ్చు వంకాయలా వచ్చింది. మర్నాడు ఆయనే టార్పాలిన్ తెచ్చి, ఇది తన ఆలోచన అని చెప్పుకున్నాడు. చెప్పుకోనివ్వండి. బయటి నుంచి వచ్చే గాలి ఎలాంటివాడికైనా ఒకరోజుకు అర్థమవుతుంది, జుట్టు ఎగిరితే తెలుస్తుంది కదా. మనం చేతులారా పుట్టించే గాలి ఒకటుంది. అది ఆటోనగర్‌లో చాలామందికి ఇప్పటికీ అర్థం కాలేదు.

కోటయ్య మేస్త్రి వైద్యం

మా షెడ్డు పెద్ద మేస్త్రి కోటయ్యగారు. ఆయన అనుభవం గురించి ఆయనే రోజూ చెప్పేవాడు కాబట్టి మాకు ఆ శ్రమ ఉండేది కాదు. ఓనరు ప్రసాద్‌గారికి పని రాదు, అందుకని కోటయ్యగారు ఏదంటే అది.

నా ఉద్యోగం చివరికొస్తున్న రోజుల్లో సలోమి అని ఒక అమ్మాయి చేరింది. కంకిపాడు నుంచి బస్సులో వచ్చేది. ఐటీఐ చదివింది, మిగతాది నా పక్కన నేర్చుకుంది. చెయ్యి కదలడంలో తొందర లేదు, ఊపిరి కూడా అతుకుతో పాటే తీసేది. పాల డెయిరీవాళ్ల పెద్ద ట్యాంకు వచ్చినప్పుడు, పొడవాటి అతుకులు ఆమెకే ఇప్పించాను.

అది ఎండాకాలం. రేకుల షెడ్డులో మనుషులు ఉడికిపోతున్నారని ప్రసాద్‌గారు పెద్ద పెద్ద స్టాండు ఫ్యాన్లు తెప్పించి, గుమ్మం దగ్గర నిలబెట్టి ఫోటో తీయించుకున్నారు. కొత్త టార్చ్‌లు కూడా వచ్చాయి. వాటి కప్పుల్లో సన్నటి కన్నాల జాలీ ఒకటి ఉంది. కోటయ్యగారు ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"గ్యాస్‌కి అడ్డం పెట్టారేంట్రా దీన్ని? కంపెనీవాళ్లకి బుద్ధుందా?"

ఇత్తడి జాలీలన్నీ పట్టకారుతో పీకి స్క్రాపు గంపలో పడేశాడు. టీ వడపోసుకోవడానికి కూడా చాలవని నవ్వాడు. నేను కొత్త టార్చ్ తీసుకోలేదు. నా పాతదానికి ఎప్పుడూ ఉండే జాలీ ఉంది, అది కొత్త కప్పులకు పట్టదు. నా చోటు స్తంభం వెనక. సలోమి ట్యాంకు మాత్రం ఫ్యాను ఎదురుగా ఉంది.

మొదటి అతుకుకే బొక్కలు పడ్డాయి. అతుకు మీద ఎర్ర మందు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే, బొక్క ఉన్నచోట ఎరుపు పైకి తేలుతుంది. తట్టు పోసిన ఒళ్లులా తేలింది. కోటయ్యగారు చూసి గ్యాస్ చాలడం లేదని తేల్చాడు. సిలిండరు మీద గ్యాస్ ఎంత రావాలో పెట్టే మీటరు తిప్పాడు. కప్పులోంచి స్‌స్‌మని చప్పుడు మొదలైంది. బొక్కలు ఎక్కువయ్యాయి. ఇంకా తిప్పాడు. ఇంకా ఎక్కువయ్యాయి. ఆయన దగ్గర మందు ఒకటే. రోగం తగ్గకపోతే మోతాదు పెంచడమే. రోగి చచ్చేదాకా.

మీటరు తిరగడానికి ఇక చోటు లేకపోయాక ఆయనకు రెండో కారణం దొరికింది.

"పిల్ల చెయ్యి మంచిది కాదు సార్. వణుకుంది. ఆడపిల్లలకి పొడుగు అతుకులు ఇవ్వొద్దని నేను ముందే అన్నా."

"మేస్త్రిగారూ, నేను ఎవర్ని?" అన్నాను.

"నీ సంగతి వేరు రూతమ్మా. నిన్ను మేం ఆడదానిలా ఎప్పుడు చూశాం?"

అది పొగడ్త అనుకుని అన్నాడు.

నేను ప్రసాద్‌గారి గదిలోకి వెళ్లాను. పిల్ల చెయ్యి బంగారం లాంటిదండి అన్నాను. "మరి బొక్కలెందుకు పడుతున్నాయమ్మా?" అని ఆయన అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నా అతుకులు బాగానే వస్తున్నాయి. ఎందుకు బాగా వస్తున్నాయో నాకు తెలియదు. అతుకేటప్పుడు చప్పుడు లేకపోతే నాకు బాగుంటుంది, అంతే తెలుసు. బాగుంటుందనేది ఒక పిల్ల ఉద్యోగం నిలబెట్టే మాటా?

"శనివారం డెయిరీ ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. ఆయన ముందు ఒక ముక్క అతికిస్తాను. బొక్క పడితే పంపించెయ్యడమే. నన్నేం చెయ్యమంటావు?" అన్నారు ప్రసాద్‌గారు.

ఆటోనగర్‌లో ఒక షెడ్డు నుంచి చెయ్యి మంచిది కాదని పంపేస్తే, ఆ మాట మనిషి కంటే ముందు పక్క షెడ్డుకు చేరుతుంది. గేటు కూడా తియ్యరు. సలోమి వాళ్లమ్మ నాట్లకు వెళ్లి ఆ పిల్లను చదివించింది. ఇక్కడ పోతే సలోమి మళ్లీ అదే నాట్ల దగ్గరికి వెళ్లాలి. శుక్రవారం మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం కలుపుతూ కూర్చుంది, తినలేదు.

"అక్కా, నిజంగా నా చెయ్యి వణుకుతోందా? నాకు చెప్పెయ్."

"వణకట్లేదు."

"మరి?"



అగరుబత్తి

ఇన్‌స్పెక్టరు కరీంగారు సన్నగా, చొక్కా చేతులు మడుచుకుని వచ్చారు. నేను ఆయన్ను చూడగానే ఇంకో సర్టిఫికెట్ అనుకున్నాను. ఆయన అతుకు చూడలేదు, పిల్లను చూడలేదు. ముందు చెవి పెట్టి విన్నారు.

"ఆ చప్పుడేంటండీ?"

"గ్యాస్ సార్. ఫుల్లు పెట్టించా. లోటు చెయ్యలేదు," అన్నాడు కోటయ్యగారు.

"మీ దగ్గర అగరుబత్తి ఉందా?"

ప్రసాద్‌గారు శుక్రవారం శుక్రవారం మెషీన్లకు పూజ చేస్తారు. కట్ట తీసిచ్చి, కాస్త ఇబ్బందిగా అడిగారు. "మీరు... అగరుబత్తి ఏంటి సార్?"

"పొగ కావాలండి. దేవుడికి కాదు."

ఫ్యాను ఆపించారు. ఆర్క్ వెలిగించకుండా ఉత్త గ్యాస్ వదిలి, వెలిగించిన అగరుబత్తి కప్పు అంచు పక్కన పెట్టారు. పొగ గిర్రున తిరిగి, కప్పు కిందికి దూరి, సూది చుట్టూ చిక్కు పడిపోయింది. మేమంతా వంగి చూస్తున్నాం. ఆయన మీటరు తగ్గిస్తూ వచ్చారు. చప్పుడు సన్నబడి ఆగిపోయింది. పొగ కప్పు బయటే తెరలా జారుతోంది. సూది దగ్గర ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. మళ్లీ పెంచారు. పొగ మళ్లీ లోపలికి దూకింది.

"బందరు కాలువ చూస్తుంటారు కదా మీరు," అన్నారు నా వైపు తిరిగి. "నీళ్లు నిదానంగా పోతుంటే గట్టు పక్క బురద గట్టు పక్కనే ఉంటుంది. గేట్లెత్తి ఒక్కసారి వదిలితే?"

"మధ్యలోకొచ్చేస్తుందండి. కాలువంతా ఎర్రబడిపోద్ది."

"ఇదీ అంతే. గ్యాస్ నిమ్మళంగా వస్తే వరసగా వస్తుంది, పక్కన ఉన్న గాలి పక్కనే ఉంటుంది. తోస్తే సుడులు పుడతాయి. సుడి ఏం చేస్తుందంటే, పక్కనున్నదాన్ని పట్టుకొచ్చి నడిమధ్యలో పడేస్తుంది. మీరు పెంచింది గ్యాస్ కాదండీ మేస్త్రిగారూ, గాలిని."

కోటయ్యగారు నవ్వాడు. "పుస్తకాల్లో అలాగే ఉంటది సార్. అంత తక్కువ పెడితే ఆర్క్ నిలబడదు."

"ఆర్క్ ఏమనుకుంటున్నారు మీరు?"

"నిప్పు."

"నిప్పు కాదు. కరెంటు గ్యాస్‌ను చీల్చితే వచ్చేది. ప్లాస్మా అంటారు. పిడుగులో ఉండేదీ అదే. దాని పరుగు కిందికి. సుడి గాలిని తెచ్చి దానికి అందించిందనుకోండి, తిన్నగా తీసుకెళ్లి కరిగిన స్టీల్లో దింపేస్తుంది."

ప్లాస్మా అంటే ఆసుపత్రిలో ఎక్కించేది అనుకున్నాను నేను. అడగలేదు. కానీ ఇన్నేళ్లుగా నా చేతికి తెలిసినదానికి ఆ రోజు ఒక కారణం దొరికింది. చప్పుడు లేకపోతే ఎందుకు బాగుంటుందో ఒక అగరుబత్తితో తేలిపోయింది. ఇంతకాలం నా పక్కన ఎవరూ ఆ అగరుబత్తి వెలిగించనందుకు ఒళ్లు మండింది. ప్రతి శుక్రవారం వెలిగించారు, ఆ పొగ ఎటు పోతోందో ఒక్కరూ చూడలేదు.

టెస్టు ముక్క

మిగతా ఫ్యాన్లు కూడా ఆపేశారు. కప్పులో జాలీలు ఏమయ్యాయని కరీంగారు అడిగితే కోటయ్యగారు దగ్గాడు. కరీంగారు తన సంచిలోంచి ఒకటి తీసి బిగించారు. ఈ కన్నాల్లోంచి వస్తే గ్యాస్ సుడులు తిరగకుండా దువ్విన జుట్టులా తిన్నగా దిగుతుందట.

సలోమి హెల్మెట్ దించబోయి ఆగింది.

"అక్కా, గ్యాస్ అసలు వస్తోందా? చప్పుడే లేదు."

"చెంప దగ్గర పెట్టుకుని చూడు," అన్నారు కరీంగారు.

పెట్టుకుంది. "వస్తోందండి. చల్లగా ఉంది."

"ఆ మాత్రం చాలు."

వెనక నుంచి కోటయ్యగారు గొణిగాడు. "సూది మాడిపోద్ది చూడండి. నన్ననొద్దు తర్వాత."

సలోమి ఆర్క్ వెలిగించింది. నేను నల్లద్దం పెట్టుకుని పక్కన కూర్చున్నాను. కరిగిన స్టీలు చిన్న చెరువులా ఉంది, అద్దంలా ఉంది, అంచు దగ్గర ఒక్క నలక లేదు. ఆ చెరువును ఆమె నెమ్మదిగా నడిపించుకుపోయింది. ఆ ఉక్కలో నా వీపు మీద చెమట కారుతోంది. ముక్క చివరికి వచ్చాక కూడా టార్చ్ లేపలేదు, స్టీలు చల్లబడేదాకా గ్యాస్ పట్టి ఉంచింది. అది నేను నేర్పిందే.

అతుకు లేత ఎండుగడ్డి రంగులో మెరిసింది. ఎర్ర మందు పూశారు, తుడిచారు, తెల్ల పొడి చల్లారు. అందరం గొంతుక్కూర్చున్నాం. సలోమి చూడలేదు, చేతి తొడుగు వేళ్లు ఒక్కొక్కటే లాగుతోంది. తెల్లగానే ఉంది. మరి కాసేపు చూశారు. తెల్లగానే ఉంది.

"చెయ్యి బాగుందమ్మా," అన్నారు కరీంగారు. ట్యాంకు పాత అతుకులన్నీ గ్రైండ్ చేసి, ఈ అమ్మాయే మళ్లీ వేస్తే తీసుకుంటామని చెప్పి వెళ్లిపోయారు.

ఆయన గేటు దాటారో లేదో కోటయ్యగారు ప్రసాద్‌గారితో, "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా కదా సార్, ఈ పిల్లది మంచి చెయ్యి అని," అన్నాడు.

ప్రసాద్‌గారు అవునన్నట్టు తలూపారు. ఆయన్నేమనాలి?

మీకు చెప్పేది

గ్యాస్ చప్పుడు వినిపిస్తోందంటే మీ అతుకు చెడుతోందని అర్థం. బొక్కలు పడితే మీటరు పెంచమని ఎవడైనా అంటే, ముందు తగ్గించి చూడండి. ఫ్యాను మీ వీపుకు తగలాలి, అతుకుకు కాదు. మీ వీపుకు తగిలే ఏర్పాటు ఏ ఓనరూ చెయ్యడు, అడిగి చేయించుకోండి. మా ప్రసాద్‌గారు ఆ రోజు ఫ్యాన్లన్నీ తీయించి, ఒకటి తన గదిలో పెట్టించుకున్నారు.

అనుభవం ఉందని చెప్పేవాణ్ని ఎందుకు అని అడగండి. కోప్పడితే అనుభవం లేదని తెలుసుకోండి. ఈ మాట నాకు కూడా వర్తిస్తుంది. ఎందుకో చెప్పగలిగినవాడు చొక్కా నలగకుండా వచ్చినా సరే, వినండి.

జాలీ

సోమవారం పొద్దున ట్యాంకు పాత అతుకులు గ్రైండ్ చేయడం అయిపోయింది. కరీంగారు తన జాలీ తీసుకెళ్లిపోయారు. ప్రసాద్‌గారు వచ్చి, "కానియ్యమ్మా, మొదలెట్టు," అన్నారు.

సలోమి స్టూలు మీద కూర్చునే ఉంది. "జాలీ లేకుండా మొదలెట్టను సార్."

"ఏదో ఒకటి సర్దుకో తల్లీ. అవతల డెయిరీవాళ్లు ఫోన్లు చేస్తున్నారు."

"రేపు బొక్క పడితే మళ్లీ నా చెయ్యే అంటారు సార్. జాలీ పెట్టించండి. అప్పుడు పడితే నేనే వెళ్లిపోతాను, మీరు పంపించక్కర్లేదు."

ఆ పిల్ల అంత పొడుగు మాట మాట్లాడటం షెడ్డులో అదే మొదటిసారి. ప్రసాద్‌గారు కోటయ్యగారి వైపు చూశారు. కోటయ్యగారు కుర్రాళ్ల వైపు చూశాడు. కుర్రాళ్లు పైన రేకుల వైపు చూశారు.

"పారేసింది మీరే కదా బాబాయ్," అంది సలోమి, మర్యాదగానే. "గంపలోనే ఉంటాయి."

కోటయ్యగారు గోడకున్న అయస్కాంతం తీసుకుని స్క్రాపు గంప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. షెడ్డుకు వచ్చే ప్రతి మనిషికీ ఆ అయస్కాంతం స్టీలు మీద పెట్టి, "చూశారా, అంటుకోలేదు, అసలు సిసలు స్టెయిన్‌లెస్," అని చూపించేది ఆయనే. గంపలో ఉన్నది మొత్తం ఆ స్టీలు ముక్కలే. వాటి మధ్య ఎక్కడో ఇత్తడి జాలీలు. ఆయన అయస్కాంతాన్ని గంపలో అటూ ఇటూ తిప్పుతున్నాడు, పైకి లేపి చూస్తున్నాడు, మళ్లీ దించుతున్నాడు.

సలోమి నా వైపు చూసింది. ఆ అయస్కాంతానికి ఈ జన్మలో ఒక్క జాలీ కూడా అంటుకోదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

నేను నా టీ గ్లాసు తెచ్చుకుని ఆమె పక్కన స్టూలు లాక్కున్నాను. టీ వేడిగా ఉంది. మాకు తొందరేమీ లేదు.